పెడన అద్దకం: అచ్చు, మైనం, రంగు

పెడన కృష్ణా జిల్లాలో మచిలీపట్నానికి దగ్గరలో ఉన్న చేనేత పట్టణం. నూలుగుడ్డ మీద చెక్క అచ్చులతో బొమ్మలు అద్ది, వేళ్లు, పూలు, కాయలు, ఖనిజ లవణాలతో రంగు తేల్చే పనికి ఇది పేరుపడ్డది. మచిలీపట్నం కలంకారీగా దేశదేశాలు తిరిగిన సరుకుకు ఈనాడు ముఖ్యమైన నెలవు పెడనే. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం కింద ఈ పనికి రిజిస్ట్రేషన్ ఉంది. శ్రీకాళహస్తిలో కలంతో గీసి పురాణగాథలు చెబుతారు. పెడనలో అచ్చుతో అద్ది తీగలు, పూలు, మామిడి పిందెలు, నెమళ్లు నింపుతారు. ఈ నమూనాల్లో పారశీక ఛాయ బలంగా కనబడుతుంది. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం వారి ప్రధాన రేవు కావడం, అక్కడ ఇరాన్ వర్తకులు స్థిరపడడం ఇందుకు కారణం.

పెడన అచ్చు గుడ్డకు అంటించేది చాలావరకు రంగు కాదు. కొత్తవారిని తికమక పెట్టే విషయమూ, ఈ పని చరిత్రకంతటికీ తాళంచెవి వంటి విషయమూ ఇదే. ఎరుపు రావలసిన చోట అచ్చు అద్దేది పటిక నీళ్లను. పటికకు తనదంటూ రంగు లేదు కాబట్టి, అద్దింది ఎక్కడో కంటికి ఆనడానికి అందులో ఏదో ఒక వెలిసిపోయే రంగు కలుపుతారు. తుమ్మబంక కలిపితే చిక్కబడి పక్కలకు పాకకుండా ఉంటుంది. అసలు ఎరుపు తర్వాతెప్పుడో, రాగి డేగిసాలో వేళ్ల కషాయంతో పాటు గుడ్డ ఉడికినప్పుడు, పటిక పట్టిన చోట మాత్రమే తేలుతుంది. నలుపుదీ ఇదే పద్ధతి. తుప్పుపట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన కసిమి, ముందే కరక్కాయ రసం తాగి ఉన్న గుడ్డకు తగలగానే నల్లబడుతుంది. అంటే అచ్చు మోసేది రంగును పట్టుకునే గుణాన్ని. మైనం చేసేది దీనికి సరిగ్గా తిరగేసిన పని. అది రంగును దగ్గరికి రానివ్వదు.

మైనం అవసరం నీలంతో వచ్చింది. నీలిమందు పటికతో పనిలేకుండానే నూలును పట్టుకుంటుంది. తొట్టిలో ముంచిన గుడ్డంతా పచ్చగా పైకి వచ్చి, గాలి తగిలిన కొద్దీ నీలంగా మారుతుంది. ఒక్క పువ్వే నీలంగా ఉండాలంటే మిగతా గుడ్డను దాచిపెట్టాలి. తేనెమైనం కరిగేది సుమారు 63 డిగ్రీల సెల్సియస్ దగ్గర. నీలి తొట్టి చల్లనిది కనుక మైనం అందులో చెక్కుచెదరదు. ఎరుపు డేగిసా మరుగుతుంది కనుక అందులో నిలవదు. అందుకే కోరమండల్ తీరపు పనివారు ఎరుపుకు పటికను, నీలానికి మైనాన్ని నమ్ముకున్నారు. ఈ రెంటినీ ఒకే గుడ్డ మీద, ఒకదాన్నొకటి చెరపకుండా వరస కుదిర్చి వాడడం చిన్న విద్య కాదు. 17వ శతాబ్దంలో యూరప్‌లో ఎవరికీ చేతకాని పని ఇది.

ఈ వరస మనకు వివరంగా తెలియడానికి కారకులు 18వ శతాబ్దపు ఫ్రెంచివారు. 1734 ప్రాంతంలో పుదుచ్చేరి వచ్చిన బోలియు అనే నావికాధికారి అద్దకం పని దశలవారీగా రాసుకుని, ఒక్కో దశకు ఒక్కో గుడ్డ ముక్క కూడా దాచాడు. 1742లో జెస్యూట్ మతగురువు కూర్దూ ఇదే విషయం మీద దీర్ఘమైన లేఖ రాశాడు. సంస్కృతానికీ లాటిన్‌కూ ఉన్న చుట్టరికాన్ని తొలినాళ్లలోనే గుర్తించినవాడు, తెలుగుకు నిఘంటువు కూర్చినవాడు ఈ కూర్దూయే. భాషను గమనించిన శ్రద్ధతోనే అద్దకాన్నీ గమనించాడు. వారి తర్వాత 1795లో వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ కోరమండల్ మొక్కల మీద తెచ్చిన గ్రంథంలో ఎరుపునిచ్చే చిరువేరుకు చోటిచ్చాడు.

ఫ్రెంచివారు చూసింది దక్షిణాన ఉన్న తమిళ తీరంలోనే అయినా, పద్ధతి తీరమంతటికీ మూలంలో ఒక్కటే. ముందు గుడ్డను పేడనీళ్లలో నానబెట్టి ఎండలో తెల్లబరచి, కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరబెట్టేవారు. పాలలోని కొవ్వు వల్ల గీత చెదరదు. తర్వాత బొమ్మను కాగితం మీది నుంచి గుడ్డ మీదికి దించేవారు. బొమ్మ గీతల వెంట సూదితో కాగితానికి చిల్లులు పొడిచి, గుడ్డ మీద పరిచి, బొగ్గుపొడి మూటతో పైన అద్దితే చుక్కల వరసగా బొమ్మ దిగుతుంది. ఆ చుక్కలను కలుపుతూ నలుపు, ఎరుపు గీతలు కలంతో గీసేవారు. ఆపైన మైనం. ఇనుప ములికికి కాస్త పైన వెంట్రుకల ఉండ చుట్టి, దాన్ని కరిగిన మైనంలో ముంచి, నీలం, ఆకుపచ్చ రావలసిన చోట్లు మాత్రం వదిలి మిగతా అంతటా పూసేవారు. ఉండలో నిలిచిన మైనం వేళ్ల ఒత్తిడికి కొద్దికొద్దిగా ములికి వెంట దిగుతుంది. ఎర్రటి రేకుల మధ్య వెంట్రుకంత తెల్ల గీతలు కావాలన్నా ఈ పరికరమే సాయం. మైనంతో గీత గీసి, పైన పటిక పూస్తే, మైనం కింద ఉన్నచోట పటిక అంటదు. ఉడకబెట్టినప్పుడు మైనం కరిగిపోయి తెల్ల గీత మిగులుతుంది. పాత చీటీగుడ్డల్లో ఇలాంటి గీతలను దగ్గరగా చూస్తే ఆ చేతి నిదానం తెలుస్తుంది.

నీలి తొట్టి పని వేరేవారిది. తిరిగొచ్చిన గుడ్డను వేడినీళ్లలో ఉడికించి మైనం తీసేసి, మళ్లీ పటిక పూసి, చిరువేరుతో ఎరుపు తేల్చేవారు. చివరికి పసుపు. నీలం మీద పసుపు పడితే ఆకుపచ్చ.

ఈ సరుకు కోసమే డచ్చివారు 17వ శతాబ్దం తొలి ఏళ్లలో, ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నంలో కోఠీలు పెట్టారు. 1660ల్లో మొగలు కొలువులో ఉన్న ఫ్రెంచి వైద్యుడు బెర్నియే, పాదుషా డేరాల లోపలి వైపు మచిలీపట్నం అద్దకపు గుడ్డలు కుట్టి ఉండడం చూసి రాశాడు. జావాకు, సుమత్రాకు సుగంధ ద్రవ్యాల బదులుగా ఇక్కడి గుడ్డలే వెళ్లాయి. సయాం రాజాస్థానం తన నమూనాలు తానే గీయించి పంపి, కోరమండల్‌లో అద్దించుకునేది. ఓడలో వచ్చిన కాగితం మీది బొమ్మ చిల్లులు పడి, బొగ్గుపొడిగా మారి, తెలుగు, తమిళ పనివారి చేతుల మీదుగా గుడ్డయి తిరిగి ఓడెక్కేది. యూరప్‌లో మోజు ఎంత ముదిరిందంటే అక్కడి నేతగాళ్లను కాపాడుకోవడానికి ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ 1700లో దిగుమతి గుడ్డల మీద నిషేధాలు తెచ్చాయి. ఫ్రాన్స్ నిషేధం 1759 దాకా సాగింది.

మైనం దారి మరోవైపు సాగింది. జావాలో మైనం మీదే బాతిక్ పెద్ద కళగా ఎదిగింది. అక్కడ 19వ శతాబ్దంలో మైనాన్ని రాగి అచ్చులతో అద్దడం మొదలైంది. డచ్చి మిల్లులు దాన్ని యంత్రంతో అనుకరించి పశ్చిమాఫ్రికాకు అమ్మాయి. మైనానికి ఇంకో వాడుకా ఉంది. ఈజిప్టులోని ఫయ్యూంలో క్రీస్తు శకం తొలి శతాబ్దాలలో మైనంలోనే రంగు కలిపి ముఖచిత్రాలు వేశారు. ఎన్‌కాస్టిక్ అనే ఆ పద్ధతిని నేటి చిత్రకారులు మళ్లీ చేపట్టి, ప్రింటరు కాగితాన్ని గోరువెచ్చని మైనం మీద బోర్లించి రుద్ది, తడిపి కాగితం ఒలిచేసి, అచ్చు రంగును మైనంలోకి దించుతున్నారు. అక్కడ మైనమే బొమ్మను మోస్తుంది. మన తీరంలో బొమ్మ పూర్తయ్యేసరికి మైనం జాడ ఉండదు.

మచిలీపట్నం పతనానికి కారణాలు పోగుపడ్డాయి. 1783లో ఇంగ్లండ్‌లో రోలరు ముద్రణకు పేటెంటు వచ్చాక మిల్లుగుడ్డ చవకై మన బజారుకే వచ్చింది. 1864 నవంబరు తుపానులో పోటెత్తిన సముద్రం సుమారు 30,000 మందిని బలిగొంది. ఆ దెబ్బ నుంచి రేవు తేరుకోలేదు. చిరువేరులో ఎరుపునిచ్చే అలిజరిన్‌ను 1860ల చివర, నీలిమందును 1897లో జర్మన్లు కృత్రిమంగా చేసి బజారుకెక్కించే దారి వేశారు. నెలల తరబడి కలంతో గీసి, మైనం పూసి చేసే పనికి బేరం లేక, వేగంగా సాగే అచ్చుపని నిలిచింది. అది కూడా ఇరాన్‌కు వెళ్లే దుప్పట్లు, నమాజు గుడ్డల మీద ఆధారపడి బతికింది. 1917లో మద్రాసు చిత్రకళా పాఠశాల అధికారి హాడవే మద్రాసు ప్రెసిడెన్సీలోని అద్దకం పనుల మీద పుస్తకం తెచ్చేనాటికి ఇది మిగిలిన కొద్దిమంది విద్య. స్వాతంత్ర్యం తర్వాత కమలాదేవి చట్టోపాధ్యాయ, 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల మండలి పూనుకోకపోతే పరిస్థితి ఇంకా దిగజారి ఉండేది.

ఈనాటి పెడనలో ఎక్కువగా కనిపించేది నలుపు, ఎరుపు, పసుపుల సరుకు. ఆ మూడింటికీ మైనంతో పనిలేదు. పాత పద్ధతిలో మైనానికి చోటిచ్చినది నీలమే కనుక, నీలం వెనకపడితే మైనం పక్కకు తప్పుకోవడం సహజం. ఇది నష్టమే. ఆ మేరకు తెల్ల గీతల నాజూకు కూడా పోయింది. కానీ మిగిలినది తక్కువ విద్య కాదు. టేకు చెక్కలో చెక్కిన గీత అచ్చు ముందు పడుతుంది, దాని లోపలి భాగాలు నింపే అచ్చులు తర్వాత ఒక్కో రంగుకు ఒక్కోటి. మెత్తలు పరిచిన బల్ల మీద అచ్చు పెట్టి, వీపున పిడికిలితో ఒక్క దెబ్బ. పక్క అచ్చు అంచు ముందుదాని అంచును కలుసుకునే చోటే పనివాడి నేర్పంతా. తర్వాత గుడ్డలను పారే నీళ్లలో జాడించాలి. నిలవ నీటిలో జాడిస్తే ఊడిన పటిక పక్కకు అంటుకుని, ఉడికినప్పుడు తెల్ల నేల మీద ఎర్రమరకలు లేస్తాయి. డెల్టా కాలువలకు నీరు కట్టేసే వేసవి నెలల్లో ఈ పనికి ఇబ్బంది అందుకే.

అంతకంటే పెద్ద ఇబ్బంది స్క్రీన్ ప్రింటు. రసాయన రంగులతో ఇవే తీగలు, ఇవే నెమళ్లు గంటల్లో దింపి, కలంకారీ పేరుతోనే అమ్ముతున్నారు. కొనేవారు గుడ్డను వెలుగులో పరిచి అచ్చు అతుకుల వెంట చూడాలి. చేతి అచ్చులో ఒక పువ్వుకూ పక్క పువ్వుకూ వెంట్రుకవాసి తేడా ఉంటుంది, అక్కడక్కడా నింపిన రంగు గీత దాటుతుంది. ఉడికి తేలిన ఎరుపు గుడ్డ వెనక వైపూ దిగి ఉంటుంది. పైపైన పూసిన రంగు వెనక పాలిపోయి కనబడుతుంది.