ఒక్క ఫైలు, వేల కంప్యూటర్లు

కెలమంగలం నుంచి హోసూరుకొచ్చి, అత్తిబెలె సరిహద్దు దాటి బెంగళూరు దారి పడితే ఐటీ కంపెనీల ఎలక్ట్రానిక్ సిటీ వస్తుంది. హోసూరులోనేమో అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ ఫ్యాక్టరీలున్నాయి. ఇంత పెద్ద సంస్థల్లో కొత్త సాఫ్ట్‌వేర్ వేయాలంటే ఒక్కో కంప్యూటర్ ముందూ కూర్చుని ‘నెక్స్ట్’ నొక్కుతూ పోతే పని తెమలదు. ఆదేశాలన్నీ వరసగా ఒక ఫైల్లో రాసిపెట్టి, దాన్నే అన్నిచోట్లా నడిపిస్తారు. అదే స్క్రిప్ట్.

దీనికి పురుడు పోసింది అమెరికాలోని ఎంఐటీ. ఒకే కంప్యూటర్‌ను ఎందరో పంచుకునే సీటీఎస్ఎస్ వ్యవస్థ మీద పనిచేస్తున్న ఫ్రెంచ్ ఇంజనీరు లూయీ పూజాన్, అవే ఆదేశాలను మళ్లీ మళ్లీ టైపు చేసే బాధ తప్పించడానికి 1963 ప్రాంతంలో ‘రన్‌కామ్’ రాశాడు. తర్వాత యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు, టైపు చేసిన ఆదేశాలను చదివి నడిపే ‘షెల్’లు వచ్చాయి: 1971లో కెన్ థాంప్సన్‌ది, 1979లో స్టీఫెన్ బోర్న్‌ది. లైనక్స్ వాళ్లకు చిరపరిచితమైన బ్యాష్ షెల్‌ను 1989లో బ్రయాన్ ఫాక్స్ విడుదల చేశాడు.

విండోస్ కథ వేరు.

అక్కడ పెత్తనం మౌస్‌ది. యూనిక్స్‌లో సెట్టింగులు చాలావరకు టెక్స్ట్ ఫైళ్లలో ఉంటాయి కాబట్టి అక్షరాలను వెతికి మార్చే పనిముట్లు సరిపోయాయి. విండోస్ సెట్టింగులు అలా చేతికందవు. మైక్రోసాఫ్ట్‌లో జెఫ్రీ స్నోవర్ ఈ చిక్కును పట్టుకున్నాడు. ఒక ఆదేశం నుంచి మరోదానికి వట్టి అక్షరాలు కాకుండా, పేరూ విలువా విడివిడిగా తెలిసే ఆబ్జెక్టులే వెళ్లాలని 2002లో ‘మొనాడ్ మేనిఫెస్టో’లో వాదించాడు. ఆ పట్టుదలకు ఉద్యోగంలో ఒక మెట్టు దిగాల్సి వచ్చిందని తర్వాత ఆయనే చెప్పాడు. ఆ ఆలోచనే 2006 నవంబరులో పవర్‌షెల్‌గా వెలువడింది. మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్ ‘ఎక్స్ఛేంజ్ సర్వర్ 2007’లో అడ్మిన్ తెరమీద బటన్ నొక్కితే, వెనక నడిచింది పవర్‌షెల్ ఆదేశమే. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈవోగా ఉండగా, 2016లో పవర్‌షెల్ ఓపెన్ సోర్స్ అయి లైనక్స్‌కూ చేరింది.

ఈలోగా ఆలోచన మరో మలుపు తిరిగింది. ఏ పని తర్వాత ఏ పని అన్నది కాక, చివరికి యంత్రం ఎలా ఉండాలో రాస్తే చాలన్నాడు ఓస్లోలో మార్క్ బర్జెస్. 1993లో ఆయన మొదలుపెట్టిన సీఎఫ్‌ఇంజిన్ అనే పనిముట్టు బాటలోనే 2005లో పపెట్, 2012లో యాన్సిబుల్ వచ్చాయి. అన్నీ సరిగ్గా ఉన్న యంత్రం మీద రెండోసారి నడిపినా ఇవి దేన్నీ చెడగొట్టవు.

పద్ధతి ఏదైనా, మంచి స్క్రిప్ట్ ఆదేశమిచ్చి ఊరుకోదు, జవాబూ చదువుతుంది. విండోస్ ఇన్‌స్టాలర్ 0 అని బదులిస్తే పని అయినట్టు. 3010 అంటే పని అయింది, రీస్టార్ట్ మిగిలింది. 1603 అంటే ఇన్‌స్టలేషన్ విఫలమైంది. వేల యంత్రాల్లో ఏ పదింటికి మనిషి వెళ్లి చూడాలో ఆ అంకెలే చెబుతాయి.