నీళ్లు తిరగబోసిన పిల్ల

ముందుగదిలో చేపల తొట్టి పెట్టుకునే ఇళ్లలో చాలామంది అందులో ప్లాస్టిక్ మొక్క దిగేస్తారు. అది వాడదు, కుళ్లదు, కడిగి మళ్లీ పెట్టుకోవచ్చు. సౌకర్యమే, కాదనను. కానీ చేపల తొట్టి అసలు మన ఇళ్లలోకి రాగలిగింది మొక్క పుణ్యాన అంటే నమ్ముతారా? ఆ కథలో ఇద్దరు ఆడవాళ్లున్నారు. ఒకావిడ పేరు మనకు తెలుసు.

ఆవిడ ఆన్నా థిన్. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ అబీలో పెద్ద పదవిలో ఉన్న మతాధికారి భార్య. 1846లో టార్కీ అనే సముద్రతీరపు ఊరికి వెళ్లి, రాళ్లకి అంటుకున్న పగడపు జీవుల్ని చూసి ముచ్చటపడింది. వాటిని సూదీ దారంతో ఒక స్పాంజికి కుట్టి, జాడీలో సముద్రపు నీళ్లు పోసి, లండన్ పట్టుకొచ్చేసింది! పచ్చళ్ల జాడీలతో ప్రయాణాలు చేసే మనకి ఆవిడ ఆత్మబంధువులా అనిపించడం లేదూ?

తెచ్చింది సరే, బతికించడం ఎలా? లండన్‌లో సముద్రమేదీ? ఉన్న నీళ్లనే మళ్లీ మళ్లీ వాడాలి. నిలవ నీటిలో ప్రాణవాయువు తరిగిపోతుంది. అందుకని తెరిచిన కిటికీ దగ్గర నిలబడి, మనం కాఫీ తిరగబోసినట్టు, ఆ నీళ్లని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి అరగంట, ముప్పావుగంట తిరగబోసేవారు. ఎవరనుకున్నారు? ఆవిడ కాదు, ఇంట్లో పనిచేసే చిన్నపిల్ల. శ్రమే అయినా ఆ పిల్లకి అది ఆటలా ఉండేదని, తర్వాత 1859లో అచ్చయిన తన వ్యాసంలో దొరసాని రాసుకుంది. ఉప్పునీళ్ల పాత్ర ముప్పావుగంట ఎత్తి దించడం ఎంత ఆటో బిందెలు మోసినవాళ్లని అడగాలి. ఆ పిల్ల పేరు మాత్రం అందులో లేదు.

1847 వసంతంలో ఆన్నా థిన్ సముద్రపు నాచు తెప్పించి గాజుపాత్రల్లో వేసింది. ఆ పిల్ల చేతులకి నాచు తోడొచ్చింది.

పచ్చని ఆకు గాలిని బాగుచేస్తుందన్న సంగతి అప్పటికి కొత్తది కాదు. 1771లో ప్రీస్ట్లీ, కొవ్వొత్తి ఆరిపోయిన గాలిలో పుదీనా రెమ్మ ఉంచితే కొన్నాళ్లకి అదే గాలిలో కొవ్వొత్తి మళ్లీ వెలగడం చూశాడు. మన వంటింటి పుదీనాయే! దానికి ఎండ కావాలని 1779లో ఇంగెన్‌హౌస్ తేల్చాడు. కానీ నీళ్లతొట్టిలో కాపురం నిలబెట్టి చూపించినవాడు రాబర్ట్ వారింగ్టన్ అనే లండన్ రసాయన శాస్త్రవేత్త. 1849లో 12 గ్యాలన్ల గాజుపాత్రలో, అంటే 54 లీటర్లకి కాస్త పైన, రెండు బంగారు చేపల్ని, వాలిస్నేరియా మొక్కని పెట్టాడు. కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత రాలిన ఆకులు కుళ్లి, పాచి పట్టి, నీళ్లు మురిగాయి. అప్పుడు చెరువు నత్తల్ని వదిలాడు. నత్తలు పాచిని తిన్నాయి, నత్తల గుడ్లని చేపలు తిన్నాయి, చేపల వ్యర్థం మొక్కకి ఎరువైంది. 1850లో ఆ సంగతి ప్రకటించాడు, పేరొచ్చింది. 1845లో గాజు మీద పన్ను ఎత్తేయడంతో తొట్లు చవకయ్యాయి. 1853లో లండన్ జంతుశాలలో చేపలశాల తెరిచారు. మరుసటి ఏడు గాస్ రాసిన ‘ది అక్వేరియం’ పుస్తకం వచ్చింది. ఇంకేం, మధ్యతరగతి ఇళ్లన్నీ తొట్లమయం!

మనకి వాలిస్నేరియాని విదేశాల నుంచి తెప్పించుకోనక్కర్లేదు. అదీ, బళ్లో గరాటు కింద పెట్టి బుడగలు చూపించిన హైడ్రిల్లా కూడా మన చెరువుల్లో పెరిగేవే. బాగా కడిగి, చిన్న తొట్టిలో నాలుగు రెమ్మలు గుచ్చితే చాలు. నేరుగా ఎండ తగిలితే పాచి పడుతుంది, చీకటైతే మొక్క కుళ్లుతుంది. రాత్రివేళ మొక్క కూడా ప్రాణవాయువు తీసుకుంటుంది గనుక చేపల్ని కిక్కిరిసి పెట్టకండి. పొద్దెక్కి కిటికీలోంచి వెలుతురు పడ్డాక, తెంపిన కాడ చివర నుంచి సన్నటి బుడగలు ఒకదాని వెంట ఒకటి పైకి లేస్తాయి, ఎవరూ తిరగబోయకుండానే.