బీడు జాగాలలో తోటలు

ఊరి నడుమ ఇల్లు కూలిన జాగా మూడేండ్లు ఊరకుండినచో చెత్తకుప్ప యగును. ఇరుగుపొరుగువారు పూనుకొనినచో పెరడగును. ఈ సంగతిని మేము కొంత చదివి తెలిసికొంటిమి, కొంత స్వయముగా అనుభవించితిమి. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి జీవితమంతయు గుమాస్తాగిరి చేసినవారము గనుక మా దృష్టి మొక్కలకంటె కాగితములమీదనే నిలుచును. చదువరులు మన్నింతురు గాక.

1893లో అమెరికాలో బ్యాంకులు కూలి, కార్ఖానాలు మూతపడెను. డెట్రాయిట్ నగరమున పనిలేని కూలీలు వేలసంఖ్యలో నుండిరి. ధర పెరుగునని యజమానులు అట్టిపెట్టుకొనిన జాగాలును అనేకము బీడుపడి యుండెను. చెప్పుల కార్ఖానా నడపి నగరాధ్యక్షుడైన హేజన్ పింగ్రీ 1894లో వానిని అడిగి తీసికొని, సుమారు 430 ఎకరములను 945 కుటుంబములకు పంచెను. బంగాళాదుంపల పింగ్రీ యని లోకము నవ్వెను. సొమ్ము చాలక ఆయన తన గుఱ్ఱమును వేలము వేసెను. పంట విలువ పెట్టిన ఖర్చునకు మూడింతలకు మించుటచే ఇతర నగరములును ఆ త్రోవ పట్టినవి. అయినను మంచికాలము తిరిగి వచ్చి భూములకు ధర యేర్పడగానే ఆ మడులలో పెక్కు మాయమయ్యెను. పేదలకు చేతికిచ్చినది భూమి గాదు, పంటకాలము మాత్రమే.

న్యూయార్కు కథ వేరు. 1970 దశకమున అచట యజమానులు విడిచిపోయిన ఇండ్లు కూలి వీథులు పాడువడెను. 1973లో లిజ్ క్రిస్టీ యను చిత్రకారిణి స్నేహితులతో గూడి బౌవరీ, హ్యూస్టన్ వీథుల మూలనున్న చెత్తజాగాను బాగుచేసెను. కంచెలకు ఆవల విత్తనపుటుండలు విసరుటయు వీరి పద్ధతులలో నొకటి. 1974లో నగరపాలకులు నెలకు ఒక్క డాలరు అద్దెకు ఆ జాగాను వారి కిచ్చిరి. గుమాస్తా కంటికి ఈ కథయంతటిలో ఆ ఒక్క డాలరే పెద్దది. అద్దె యున్నచోట రసీదుండును. రసీదున్నచోట మాటాడుటకు నోరుండును. 1999లో నగరాధికారులు నూటికి పైగా తోటలను వేలమునకు పెట్టగా జనము వీథుల కెక్కిరి, న్యాయస్థానములకు పోయిరి. కడకు రెండు ధర్మసంస్థలు 42 లక్షల డాలర్లకు వానిని కొని నిలిపినవి. మూలనున్న ఆ తొలి తోట నేటికిని కలదు.

ఇక మా సంగతి. మా పెద్దలు తెలంగాణమునుండి నేతపనికై షోలాపురము వచ్చినవారు. 2011లో మా పేటలో ఒక మగ్గముల కొట్టము కూలి, జాగా చెత్తతో నిండెను. యజమాని నడుగగా, "శుభ్రము చేసికొండు, నాకేమి?" అనెను. పదకొండిండ్లవారము చేరితిమి. పెంకులు, ఇటుకముక్కలు ఏరుటకే నెల పట్టెను. నీటికి కటకటలాడు ఊరగుటచే బియ్యము కడిగిన నీళ్ళను బిందెలతో మోసితిమి. మేము గోంగూర, చిక్కుడు, ఆనప వేసితిమి. మరాఠీ పొరుగువారు మెంతికూర వేసిరి. గోంగూరను వారు అంబాడీ యందురు. ఎవరి వంట రుచియను వాదము కొన్నాళ్ళు సాగి, పిమ్మట గిన్నెలే అటునిటు నడచెను. పుట్టినూరి మాట ఎన్నడు నెత్తని అవ్వ యొకతె గోంగూర మడి చెంత కూర్చుండి, నల్లగొండ పల్లెలోని తమ బావి సంగతి అరగంటసేపు చెప్పెను. ఆమె కొడుకు సైతము అది వినుట అదే మొదలట.

2016లో ఒక ఉదయమున కంచె వేయువారు వచ్చిరి. జాగా అమ్ముడుపోయెను. గోంగూర పూతమీద నుండెను. యజమానిని తప్పుపట్టుటకు మాకు నోరు లేదు. ఆయన ఇచ్చినది మాట, మేము పుచ్చుకొనినది మాట. ఊరివారి కందరికి రసీదులు వ్రాసి యిచ్చిన మేము మా తోటకు ఒక చీటియైన అడుగలేదు.

ఇప్పుడు సంఘభవనము వెనుక మఱియొక బీడు జాగా కలదు. నెలకు ఒక్క రూపాయి అద్దెపై పదేండ్లకు వ్రాతపత్రము కోరుచు అర్జీ సిద్ధపరచితిమి. మరాఠీ ప్రతి పూర్తియైనది. తెలుగు ప్రతిలో సంతకములకు చోటు విడిచితిమి. ఆ అవ్వ గతించినది. ఆమె గురిగిలో దాచిన గోంగూర విత్తనములను మా మేడమీది కుండీలో ఏటేట మొలిపించి నిలుపుచున్నాము.