ఘాట్ రోడ్డులో ఆగిన మా ఊరు

తిరువూరు నుంచి బెజవాడ 70 కిలోమీటర్ల పైచిలుకు. మా చిన్నతనంలో ఆ దూరాన్ని ఎవరూ కిలోమీటర్లలో చెప్పేవారు కాదు. "ఘాట్ దగ్గర దొరక్కపోతే రెండు రెండున్నర గంటలు" అనేవారు. దొరికితే ఎంతో కండక్టరుకు కూడా తెలియదు.

మాది రోడ్డును పట్టుకుని పెరిగిన ఊరు. మైలవరం, ఎ.కొండూరు మీదుగా వచ్చిన దారి మమ్మల్ని దాటగానే ఖమ్మం జిల్లాలో అడుగుపెట్టి, కొత్తగూడెం, భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ పోతుంది. ఒకప్పుడు అది 221వ నంబరు జాతీయ రహదారి. 2010లో నంబర్లు మార్చాక 30 అయింది. మా పెద్దవాళ్లకు మాత్రం ఎప్పటికీ బెజవాడ రోడ్డే. పెళ్లిబట్టలకైనా, పెద్ద డాక్టరుకైనా, కాలేజీకైనా అటు పోవాల్సిందే.

ఇబ్రహీంపట్నం దగ్గర మా రోడ్డు హైదరాబాద్ రోడ్డులో కలుస్తుంది. అప్పట్లో అసలు చిక్కు అక్కణ్నుంచే. గొల్లపూడి, భవానీపురం దాటి కుమ్మరిపాలెం చేరేసరికి ఎడమపక్క ఇంద్రకీలాద్రి, కుడిపక్క కృష్ణ. అదే ఘాట్. నడుమ మిగిలిన కాస్త జాగాలోనే హైదరాబాద్ లారీలు, మా ఊరి బస్సులు, ఆటోలు, అమ్మవారి దర్శనానికొచ్చే జనం. కొండనూ జరపలేరు, నదినీ జరపలేరు. తప్పుకుందామంటే చిట్టినగర్ సొరంగం ఉంది గానీ, అదీ ఇరుకే. ఆపైన ఊరి నడుమ రైలు పట్టాలు, మూడు కాలవలు. బెజవాడలో ఏ వీధి పట్టుకున్నా ఏదో ఒక వంతెన దగ్గర తేలాల్సిందే.

ఎడమ కిటికీ దగ్గర కూర్చుంటే కొండరాయి చేతికందుతుందా అనిపించేది. డ్రైవరు ఇంజను ఆపితే పది నిమిషాలు. కిందికి దిగి తువ్వాలు దులుపుకున్నాడంటే అరగంట ఖాయం. అప్పుడు అమ్మ సంచిలోంచి పులిహోర తీసేది. దుర్గమ్మకు బస్సులోంచే దణ్ణం పెట్టుకోవడానికి కావలసినంత తీరిక!

2015 డిసెంబరులో అక్కడ ఫ్లైఓవరుకు శంకుస్థాపన చేశారు. మరుసటేడు ఆగస్టులో పుష్కరాలకే అందుతుందన్నారు. పుష్కరాలు వచ్చాయి, పోయాయి. ఆరు వరసల ఆ 2.6 కిలోమీటర్ల వంతెనను ప్రారంభించేసరికి 2020 అక్టోబరు 16 అయింది. ఆలస్యం సంగతి ఎలా ఉన్నా, మా మండలంలో ఒక్క ఇటుక పెట్టకుండా మా ఊరికి జరిగిన మేలు ఇంత పెద్దది మరొకటి నాకు కనిపించదు.

అక్కడ మిగిలిన సమయాన్ని ఇప్పుడు మా ఊరి బోసుబొమ్మ సెంటర్లో ఖర్చుపెడుతున్నాం. ఇక్కడ కొండా లేదు, కృష్ణా లేదు. అడ్డం వచ్చేది మన బళ్లే. ఒక్క అర డజను అరటిపళ్ల కోసం రోడ్డు మీద ఆపిన మోటారుసైకిలు, దాని వెనక ఆటో, ఆ వెనక జగదల్‌పూర్ లారీ. సాయంత్రం సెంటరుకొచ్చే మా ఊరివాళ్లకు నాదొకటే మనవి: బండి రోడ్డు దించి పెట్టండి.