అవుట్ రన్: రోడ్డు అదే, కారే మారింది

1986లో సెగా వాళ్ళ 'అవుట్ రన్' గుర్తుందా? యూ సుజుకి తీసిన ఆర్కేడ్ గేమ్. ఎర్ర కారు, పక్కన అమ్మాయి, సముద్రం ఒడ్డున రోడ్డు. పాలిగాన్లు లేవు. చెట్లూ బండ్లూ అన్నీ ఉత్త బొమ్మలే. దగ్గరకొచ్చేకొద్దీ హార్డ్‌వేరే వాటిని పెద్దవి చేసి చూపించేది.

ఆ హార్డ్‌వేర్ లేని మెగా డ్రైవ్‌కి 1991లో తెచ్చారు గానీ ఆ నునుపు రాలేదు. ఆర్కేడ్ రుచి ఇంట్లో దొరకడానికి 1996లో సాటర్న్ దాకా ఆగాల్సొచ్చింది. తర్వాత జపాన్‌లోని ఎం2 కంపెనీ 2014లో త్రీడీఎస్‌కి, 2018లో స్విచ్‌కి తెచ్చింది. సెకనుకి 30 ఫ్రేములు కాస్తా 60 అయ్యాయి. పదేళ్ళ నాటి కోడ్ ముట్టుకోవాలంటేనే వణికే మనం దండం పెట్టాల్సిన పని!

కానీ కారు? 1986లో అచ్చం ఫెరారీ టెస్టరోసాలా ఉండేది. ఈ కొత్త వాటిలో ఆ పోలిక చెరిపేశారు. 2009లో ఫెరారీ లైసెన్సుతోనే వచ్చిన 'అవుట్ రన్ ఆన్‌లైన్ ఆర్కేడ్' అయితే, ఆ గడువు తీరాక స్టోర్లలోంచే మాయమైంది. దానికి డిస్కు కూడా లేదు.

హార్డ్‌వేర్ పాతబడితే ఎమ్యులేటర్ రాసుకోవచ్చు. ఒప్పందం పాతబడితే ఏం రాస్తాం? పాత ఆటలకి అసలు గండం చిప్పులతో కాదు, సంతకాలతోనే. ఏమంటారు?