టేపు చుట్టలో దాచిన ప్రతి

1979లో హైదరాబాదుకు దక్షిణముననున్న షాద్‌నగరు దగ్గర నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీవారి కేంద్రము అమెరికావారి లాండ్‌శాట్ ఉపగ్రహముల సంకేతములను అందుకొన నారంభించినది. ఉపగ్రహము పల్నాటి మీదుగా పోవునప్పుడు సాగరు జలాశయము, కాలువల క్రింది పైరులు, ఈపూరు వంటి ఊళ్ల మెట్టపొలములు, అన్నియు అంకెలుగా మారి ఆ కేంద్రమునకు చేరెడివి. ఆనాటి పైరును తిరిగి చిత్రించుట ఎవరితరము? కావున ఆ అంకెలను భద్రపరచుట ముఖ్యమైనది. ఆ పని అయస్కాంత టేపుదే.

ఈ లెక్కను విద్యార్థులే చేసి చూడవచ్చును. సంకేతములు సెకనుకు సుమారు కోటీ 50 లక్షల బిట్లు. 10 నిమిషములకు 900 కోట్ల బిట్లు, అనగా 112 కోట్ల 50 లక్షల బైట్లు. ఆనాటి కంప్యూటరు టేపు పొడవు 2400 అడుగులు. అంగుళమునకు 1600 బైట్లు. ఖాళీలను లెక్కింపకున్నను చుట్టకు పట్టునది 4 కోట్ల 60 లక్షలే. పది నిమిషములకు 25 చుట్టలు! అందుచేతనే ఒకేసారి అనేక జాడలలో వ్రాయు అధిక సాంద్రత టేపులు అవసరమైనవి.

టేపునకు మూలపురుషుడు జర్మనీలోని ఫ్లాయ్‌మర్. 1928లో కాగితపు పట్టీకి ఇనుపపొడిని పూసి ధ్వనిని నిలిపెను. 1951లో యూనివాక్ కంప్యూటరుకు లోహపు టేపు వచ్చినది. మరుసటి ఏటి ఐ.బి.ఎం. యంత్రములో తేలికైన ప్లాస్టిక్ టేపు. బరువైన చుట్ట క్షణములో కదలదు, ఆగదు. లాగినచో టేపు తెగును. అందుకై టేపును కొంత వదులుచేసి, గాలి పీల్చిన గొట్టములో వ్రేలాడదీసిరి. నా దృష్టిలో ఆ యంత్రములో అందమైన భాగము ఇదే.

సొంత కంప్యూటరుల కాలమున, 80 మెగాబైట్ల డిస్కుకు ప్రతి తీయవలెనన్న 1.44 మెగాబైట్ల ఫ్లాపీలు 56 కావలెను. అంత ఓపిక ఎవరికి? 3ఎమ్ సంస్థ 1972లో తెచ్చిన పావు అంగుళపు టేపు డబ్బీ ఇక్కడ అక్కరకు వచ్చినది. టేపు చివరకు పోగానే హెడ్డు కొంచెము జరిగి, టేపు వెనుకకు నడచును. ఎడ్లు చాలు తిరిగినట్లే. కంప్యూటరు అంకెలను వేగముగా అందింపలేకపోయిన టేపు ఆగి, వెనుకకు పోయి, మరల ముందుకు వచ్చును. దీనిచే కాలహరణము, టేపు అరుగుదల.

చవుక యంత్రములలో వ్రాసినదానిని వెంటనే చదివి సరిచూచు ఏర్పాటు లేదు. సరిచూచుటకు టేపును మరల మొదటినుండి నడపవలెను, చాలమంది నడపలేదు. హెడ్డు ఒకింత ప్రక్కకు జరిగిన యంత్రము తాను వ్రాసినది తాను మాత్రమే చదువును. ఆ యంత్రము చెడిన ప్రతియు పోయినట్లే. పైగా పూతను పట్టియుంచు జిగురు తేమను పీల్చి అంటుకొనును. మన వానకాలమును తలచుకొనుడు.

అయినను టేపు పోలేదు. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేరు దోషముచే జీమెయిల్ ఖాతాలు కొన్ని ఖాళీయైనవి. డిస్కులమీది ప్రతులుకూడ చెడినవి. కంప్యూటరుతో సంబంధము లేక విడిగా ఉన్న టేపులను ఆ దోషము తాకలేదు. గూగుల్‌వారు వానినుండియే ఉత్తరములను తిరిగి తెచ్చిరి.