గాలికుంచె కథ: తొలి కొనుగోలుకు ముందు

చిత్రలేఖనము నేర్చుకొను మన పిల్లలు కుంచెతోను, పెన్సిలుతోను మాత్రమే తృప్తి పొందుటలేదు. పుస్తకముల ముఖపత్రములపైనను, ప్రకటన చిత్రములలోను కనవచ్చు మంచువంటి మెత్తని ఛాయలను చూచి, వానిని సాధించు పరికరము తమకును కావలెనని అడుగుచున్నారు. ఆ పరికరమే ఎయిర్ బ్రష్. గాలి ఒత్తిడిచే రంగును సన్నని తుంపరగా మార్చి కాగితముపై చల్లు కలమువంటి సాధనమిది. తెలుగున దీనిని గాలికుంచె యని పిలుచుకొందము.

మూడేండ్ల క్రిందట మా పెద్దమ్మాయి కోరికపై నేనొక గాలికుంచెను, దానికి రంగులను కొని తెచ్చితిని. దుకాణములో నేనడిగిన ప్రశ్న ఒక్కటే: “ఏ రంగు గట్టిగా అంటుకొనును?” ఆ ప్రశ్నకు తగిన సమాధానముగానే లోహపు రేకులకు, బొమ్మకార్లకు వేయు లాకర్ రంగులు, వానిని పలుచన చేయు థిన్నరు లభించినవి. అది ఢిల్లీలో జనవరి చలి. క్వార్టరులోని చిన్న గదికి కిటికీలన్నియు మూసియున్నవి. అరగంట గడువకమునుపే అమ్మాయికి తల తిరిగెను. ప్రక్కగదిలోని మా అమ్మగారికి దగ్గు పట్టుకొనెను. మరునాటికి రంగు గడ్డకట్టి సూది నాజిల్‌లో బిగిసిపోయెను. పెట్టె అటక ఎక్కెను. దానితోపాటు అమ్మాయి ఉత్సాహము కూడ అటక ఎక్కునేమోయని నాకు దిగులు కలిగెను.

తప్పు నేనడిగిన ప్రశ్నలోనే ఉన్నదని తరువాత తోచెను. సరియైన ప్రశ్న ఏదో తెలిసికొనుటకై ఈ సాధనపు చరిత్రను చదివితిని. అందు గ్రహించిన దానిని తోటి ఉద్యోగుల కుటుంబములతో పంచుకొనుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

రంగును గాలితో చల్లుట మానవునకు క్రొత్త విద్య కాదు. ఇండొనీషియాలోని సులవేసి ద్వీపమున లియాంగ్ టింపుసెంగ్ అను గుహ కలదు. అందొక అరచేతి ముద్ర ఉన్నది. చేతిని రాతికానించి చుట్టును రంగు చిమ్మగా, చేయి తీసినచోట దాని ఆకారము ఖాళీగా మిగిలినది. దానిపై పేరుకొనిన సున్నపు పొరను పరీక్షించి, ఆ ముద్ర కనీసము 39,900 ఏండ్ల నాటిదని శాస్త్రజ్ఞులు 2014లో ప్రకటించిరి. ఇట్టి ముద్రలు ఫ్రాన్సు, స్పెయిను దేశముల గుహలలోను ఉన్నవి. రంగును నోటితోగాని, బోలు గొట్టముతోగాని ఊదియుందురని పండితుల అభిప్రాయము. అప్పుడు మనుష్యుని ఊపిరియే యంత్రము. ఈ విద్యకును ఊపిరికిని ఉన్న ఈ సంబంధమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక. కథ పొడవునను ఇది మరల మరల ఎదురగును.

ఆధునికమైన గాలికుంచె అమెరికాలో, ఛాయాచిత్రకళ నీడన పుట్టెను. ఫ్రాన్సిస్ ఎడ్గర్ స్టాన్లీ 1876లో ఒక తుంపర సాధనమునకు పేటెంటు పొందెను. సోదరుడు ఫ్రీలన్‌తో కూడి తరువాత ఆవిరికారును నిర్మించి ప్రసిద్ధికెక్కిన స్టాన్లీ ఈయనయే. పిమ్మట అయోవా రాష్ట్రములోని వెబ్‌స్టర్ సిటీకి చెందిన ఆబ్నర్ పీలర్, 1879 ప్రాంతమున ‘పెయింట్ డిస్ట్రిబ్యూటర్’ అను వేరొక సాధనమును కల్పించెను. చేతిపంపుతో గాలి నింపి దానిని నడుపవలసి యుండెను. దాని హక్కులను సంపాదించిన లిబర్టీ వాకప్, 1880 దశకములో ఇల్లినాయ్ రాష్ట్రములోని రాక్‌ఫర్డ్ నగరమున దానిని తయారుచేయించి అమ్మెను. ఎయిర్ బ్రష్ అను పేరు స్థిరపడినది అప్పుడే.

అంతటి అవసరమేమి కలిగెను? ఆ దినములలో చిన్న ఛాయాచిత్రమును గోడపై వ్రేలాడదీయునంతగా పెంచినచో ముఖము పలుచబడి, గీతలు చెదరిపోవుచుండెను. దానిని చేతితో దిద్దవలసివచ్చెడిది. కుంచెతో దిద్దినచో కుంచెజాడ కనబడును. తుంపరతో దిద్దినచో కనబడదు. మన ఇండ్లలో పూలదండ వేసిన పెద్దల పటములను చూడుడు. తల వెనుక నెమ్మదిగా చీకటినుండి వెలుగునకు కరగు బూడిదరంగు ఛాయ మనకందరకు పరిచితమే. అట్టి ఛాయ కొరకే ఈ సాధనము పుట్టినది.

దీనికి నేటి రూపమును ఇచ్చినవాడు చార్లెస్ బర్డిక్. 1890 దశకపు తొలినాళ్ళలో ఆయన నిర్మించిన సాధనమున రంగు, గాలి ముక్కుకొననే కలిసెడివి. సన్నని సూది నాజిల్ రంధ్రమును మూసియుండును. సూదిని వెనుకకు లాగినకొలది రంగు ఎక్కువగా వెలువడును. నాజిల్ చుట్టును వేగముగా పోవు గాలి అచట పీడనమును తగ్గించి రంగును బయటికి లాగి తుంపరగా చీల్చును. చికాగోకు చెందిన థేయర్ అండ్ చాండ్లర్ సంస్థ ఈ సాధనమును తయారు చేసెను. బర్డిక్ ఇంగ్లండునకు పోయి ఏరోగ్రాఫ్ సంస్థకు మూలపురుషుడయ్యెను. నేడు మన పిల్లలు పట్టుకొను గాలికుంచె ప్రధానముగా ఆ పద్ధతిదే. అందు నింపినది నీటిరంగు, సిరా వంటి పలుచని ద్రవములు. ఇది మొదటి వంశము.

ఇక రెండవ వంశము ఒక వైద్యుని చేతిలో ఆరంభమైనది. ఒహాయో రాష్ట్రములోని టొలీడో నగరమున అలెన్ డివిల్బిస్ అను వైద్యుడు 1880 దశకమున గొంతులోనికి మందు చల్లు తుంపర సాధనమును నిర్మించెను. ఆయన కుమారుడు టామస్, 20వ శతాబ్ది తొలి దశకమున, అదే సూత్రముపై రంగు చల్లు గన్నును రూపొందించెను. 1920 దశకమున డ్యూపాంట్ సంస్థవారి డ్యూకో అను నైట్రోసెల్యులోజ్ లాకర్ కార్ల కార్ఖానాలలో ప్రవేశించెను. అంతకుముందు కారుకు వేసిన రంగు ఆరుటకు దినములు, వారములు పట్టుచుండగా, ఇది గంటలలో ఆరిపోయెను. స్ప్రే గన్నునకును లాకరునకును అట్లు జత కుదిరినది. కారుకు రంగు వేయించుటను మన దేశమున నేటికిని అనేకులు ‘డ్యూకో వేయించుట’ యనుట ఆ చరిత్రకు గుర్తు.

గొంతులోనికి మందును చేర్చిన తుంపరయే థిన్నరును కూడ గొంతులోనికి చేర్చును. కార్ఖానాలో దానికి గాలిమరలు, ముసుగులు ఉండును. ఇంటి గదిలో ఏమున్నవి? ఈ రెండు వంశముల సరకులును నేడు ఒకే బీరువాలో, ఒకే తీరు సీసాలలో అమ్ముడుపోవుచున్నవి. “గట్టిగా అంటుకొనునది” కావలెనన్న నేను కాగితమునకు బదులు కారు రేకునకు తగినదానిని అడిగినట్లైనది. కనుక తొలి కొనుగోలులో ఎన్నుకొనవలసినది ముందుగా రంగును. ఆ రంగునకు తగినట్లుగా సాధనమును.

రంగుల చరిత్ర కూడ ఇదే హెచ్చరికను చేయుచున్నది. పూర్వపు చిత్రకారుల పెట్టెలలో సీసపు తెలుపు, పాదరసముతో కూడిన ఇంగిలీకము, 1814 నుండి తయారైన ఆర్సెనిక్ పచ్చ ఉండెడివి. కుంచెతో పూసినప్పుడు కాగితమునంటి యుండు విషము, చల్లినప్పుడు గాలిలో తేలి శ్వాసలో చేరును. నేటికిని కాడ్మియం ఎరుపు, కాడ్మియం పసుపు గొట్టములపై దానిని చల్లరాదను హెచ్చరిక కనబడును. అదే ఛాయను ఇచ్చు కాడ్మియంలేని రంగులు దొరకుచున్నవి. తెలుపునకు సీసము స్థానమున టైటానియం వచ్చి నూరేండ్లయినది.

తొలి అభ్యాసమునకు ద్రవరూపమున నున్న నీటిరంగులు ఉత్తమములు. పొరపాటు జరిగినచో నీటితో కడిగివేయవచ్చును, సాధనము మూసుకొనిపోదు. వీనిలో పారదర్శకమగు రంగును లేతనుండి ముదురునకు పొరలుగా వేయవలెను. గొట్టములోని సాధారణ నీటిరంగును వాడదలచినచో బాగుగా కలిపి సన్నని గుడ్డలో వడకట్టవలెను. ఒక్క పలుకు మిగిలినను నాజిల్ మూసుకొనును. గువాష్ రంగు వెలుగుమచ్చలను దిద్దుటకు పనికివచ్చును. నీటితో కలియు అక్రిలిక్ 1950 దశకము మధ్యలో చిత్రకారులకు అందుబాటులోనికి వచ్చినది. అది ఆరిన తరువాత నీటికి కరగదు గనుక చిత్రమునకు మేలు, నాజిల్‌కు కీడు. గాలికుంచెకై తయారైన పలుచని అక్రిలిక్ రంగునే, ఆరు మాసముల అభ్యాసము తరువాత చేపట్టుట మంచిది. ఏ రంగైనను వెన్న తీసిన పాలవలె పలుచగా ఉండవలెను.

ఇక సాధనము. మీటను క్రిందికి నొక్కిన గాలి, వెనుకకు లాగిన రంగు వచ్చు రెండు చలనముల గాలికుంచె మొదట వారము దినములు కష్టముగా తోచును. కాని ఛాయను సన్నముగా మొదలిడి సన్నముగా ముగించు శక్తి దానికే ఎక్కువ. రంగు గిన్నె పైననుండు రకము తక్కువ ఒత్తిడితో పనిచేయును, రంగును వృథా చేయదు. నాజిల్ 0.3 మిల్లీమీటర్లది కాగితముపై చిత్రములకు చాలును. 0.2 మిల్లీమీటర్లది సన్నని గీతలకు ఆశపెట్టును గాని, నేర్చుకొనువానిచేత మాటిమాటికి మూసుకొనును. 0.5 మిల్లీమీటర్లది చిక్కని రంగులకును, పెద్ద జాగాలకును తగినది. కొనునప్పుడు సూదిని, నాజిల్‌ను విడిగా కొనుటకు వీలున్నదో లేదో తప్పక అడుగవలెను. సూది మొన వంగుట ప్రతి విద్యార్థికిని ఒకనాడు తప్పదు.

డబ్బు పరిమితముగా ఉన్న ఇంట ఖరీదైన కుంచెకంటె మంచి కంప్రెసరుపై ఖర్చుచేయుట వివేకము. గాలి నిలువయుండు చిన్న తొట్టి, ఒత్తిడిని సరిచేయు మర, తేమను పట్టు గిన్నె ఉన్నచో గాలి అదరకుండ వచ్చును. చదరపు అంగుళమునకు 15 నుండి 25 పౌనుల ఒత్తిడి సామాన్యముగా సరిపోవును. నీటిరంగైనను కిటికీ తెరచి, తగిన ముసుగు ధరించియే చల్లవలెను. రంగు మార్చినప్పుడెల్ల శుభ్రజలమును, అవసరమైనచో కడుగు ద్రవమును పోసి, వెలుపలికి తేటనీరు వచ్చువరకు చల్లవలెను. పూర్వము మన ఇండ్లలో కలమును కడిగి పెట్టుకొనిన అలవాటే ఇదియు.

ఇంకొక్క మాట. తన చేతిజాడను చెరుపు ఈ గుణము సాధనమునకు బలమును, అపాయమును కూడ. మాన్ రే అను అమెరికా చిత్రకారుడు 1917 నుండి 1919 వరకు దీనితో ‘ఏరోగ్రాఫ్’ అను చిత్రములను రచించి, దీనిని కళాసాధనముగా నిలిపెను. సోవియట్ దేశమున అదే విద్యను చరిత్రను దిద్దుటకు వాడిరి. మాస్కో కాలువ చెంత స్టాలిన్ ప్రక్కన నిలిచిన నికొలాయ్ యెజోవ్, 1940లో మరణశిక్షకు గురియైన తరువాత, ఆ ఛాయాచిత్రమునుండి మాయమయ్యెను. ఆయన నిలిచినచోట కాలువ నీరు మాత్రము మిగిలెను. చేతిజాడ లేని సాధనము గనుక చేయి ముందుగా బలపడవలెనని దీనినుండి విద్యార్థి గ్రహింపవలెను.

మెత్తని ఛాయకు యంత్రము తప్పనిసరి కాదనుటకు మన దేశమే సాక్షి. 1903లో జపాను చిత్రకారులు యొకొయామా టైకన్, హిషిడా షున్సో కలకత్తాకు వచ్చిరి. వారి సాంగత్యమున అవనీంద్రనాథ ఠాకూరు తన వాష్ పద్ధతిని పెంపొందించెను. రంగు వేసిన చిత్రమును నీట తడిపి, మరల రంగు వేసి, పొరలు పొరలుగా మంచు కమ్మినట్లు చేయుట అందలి రహస్యము. ఆ సంప్రదాయమును ప్రమోదకుమార చట్టోపాధ్యాయులు మచిలీపట్టణములోని ఆంధ్ర జాతీయ కళాశాలకు తెచ్చిరి. అడివి బాపిరాజు అచట ఆయన శిష్యుడు. పీలరు, బర్డికు గాలితో సాధించిన దానికి దగ్గరి మెత్తదనమును బందరులో మనవారు నీటితో సాధించిరి. పిల్లలు మొదట కొన్ని మాసములు ఆ వాష్ నేర్చినచో, గాలికుంచె చేతికి వచ్చునాటికి ఛాయ అన నేమో వారి కంటికి తెలిసియుండును.

మా అమ్మాయి ఆ త్రోవనే నడచినది. నీటిరంగులతో ఒక వేసవి గడపిన తరువాత 0.3 మిల్లీమీటర్ల గాలికుంచెను ఎన్నుకొన్నది. ఎన్నికకు ముందు దుకాణదారుని ఆమె అడిగిన ప్రశ్న నేనడిగిన దానికి భిన్నమైనది: “ఇంట్లో, కాగితముమీద, రోజూ చల్లినా ఎవరికీ దగ్గు రాని రంగు ఏది?” ఇప్పుడామె బాల్కనీలో బల్ల వేసికొని, ఒక కాగితముపై మొదట చుక్కలు, పిదప గీతలు, పిదప ముదురునుండి లేతకు కరగు ఛాయలు అభ్యసించి గాని చిత్రమునకు పూనుకొనదు. అటకమీది పాత సాధనమును శుభ్రము చేయించి, బొమ్మకార్లకు రంగులు వేయు ఒక మిత్రుని కుమారునకు, తన వర్క్‌షాపులో వాడుకొమ్మని ఇచ్చితిమి. అది తన వంశమును చేరుకొన్నది. మా అమ్మగారు బాల్కనీ తలుపు చెంతనే కూర్చుండి మనుమరాలి చిత్రములను చూచుచున్నారు.